డాల్ఫిన్లకు సోకిన తట్టు

ఉద్దేశం

కంటికి కనబడని వైరస్‌ల వంశచరిత్రను శాస్త్రజ్ఞులు ఎట్లా చదువుతారో తెలియజేయడం, ఒకసారి చేసిన నిర్ణయం తప్పని తేలితే శాస్త్రం దానిని ఎట్లా దిద్దుకొంటుందో చూపడం, సముద్రజీవుల క్షేమంలో మనిషి బాధ్యతను గుర్తింపజేయడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠం

తట్టు అనే జబ్బును మీరు ఎరుగుదురు. పసిపిల్లలకు జ్వరం వస్తుంది, కళ్ళు ఎర్రబడతాయి, ఒంటినిండా ఎర్రని పొక్కులు లేస్తాయి. ఇంట్లో ఒకరికి వస్తే టీకా వేయించుకోని మిగిలిన పిల్లలకు కూడా సోకుతుంది. ఈ జబ్బు మనుషులదే అని మనం అనుకొంటాం. కాని దీని దగ్గరి చుట్టం ఒకటి సముద్రంలో ఉంది. అది డాల్ఫిన్లను వందలకొద్దీ చంపింది. ఆ సంగతి బయటపడడానికి శాస్త్రజ్ఞులకు ఏడేళ్ళు పట్టింది. ఆ కథ వినండి.

1. ఒడ్డుకు కొట్టుకొచ్చిన కళేబరాలు

1987వ సంవత్సరం వేసవికాలం. అమెరికా దేశపు తూర్పు తీరాన న్యూజెర్సీ రాష్ట్రంలో డాల్ఫిన్ల కళేబరాలు ఒడ్డుకు కొట్టుకొని రాసాగాయి. మొదట ఒకటి రెండు. తరువాత పదులు. నెలలు గడిచేకొద్దీ ఈ మరణాలు తీరం వెంబడి దక్షిణంగా పాకి, 1988 నాటికి ఫ్లారిడా రాష్ట్రాన్ని చేరాయి. లెక్కకు దొరికినవే 740కి పైగా. తీరం వెంట వలసపోయే ఆ జాతి డాల్ఫిన్లలో దాదాపు సగం నశించి ఉంటాయని అప్పటి అంచనా.

ఇన్ని మరణాలకు కారణమేమిటి? ప్రభుత్వం పరిశోధక బృందాన్ని నియమించింది. సముద్రంలో కొన్ని సూక్ష్మమైన శైవలాలు ఒక్కొక్కప్పుడు విపరీతంగా పెరిగి నీటిని ఎర్రబారుస్తాయి. వాటిలో విషం ఉంటుంది. ఆ విషం చేపలలో చేరి, ఆ చేపలను తిన్న డాల్ఫిన్లు చనిపోయి ఉంటాయని ఆ బృందం నిర్ణయించింది. కొన్ని కళేబరాలలో ఆ విషం కనబడింది కూడా. అందువలన లోకం ఆ నిర్ణయాన్ని ఒప్పుకొన్నది.

అయితే ఆ పరిశోధకులు ఒక మంచిపని చేశారు. చనిపోయిన డాల్ఫిన్ల ఊపిరితిత్తులు మొదలైన అవయవాలనుండి చిన్నచిన్న ముక్కలు తీసి, పాడుకాకుండా భద్రపరచి, పేర్లు వ్రాసి దాచి ఉంచారు. ఆ ముక్కలు తరువాత సాక్ష్యం చెప్పాయి.

2. వరుసగా వచ్చిన వార్తలు

1988లో ఐరోపాఖండంలోని ఉత్తర సముద్రతీరాలలో సీల్ అనే జంతువులు సుమారు 18 వేలు చనిపోయాయి. పరీక్షించగా వాటిలో ఒక కొత్త వైరస్ కనబడింది. అది కుక్కలకు వచ్చే డిస్టెంపర్ జబ్బును కలిగించే వైరస్‌కు దగ్గరి చుట్టం. అదే సంవత్సరం ఉత్తర ఐర్లండ్ ఒడ్డుకు కొట్టుకొచ్చిన పార్పాయిస్‌లలో కూడా అటువంటి వైరస్ ఒకటి దొరికింది. పార్పాయిస్ డాల్ఫిన్‌కు దాయాది వంటి జీవి.

1990లో స్పెయిన్ దేశంలోని వలెన్షియా తీరం దగ్గర మధ్యధరా సముద్రంలో చారల డాల్ఫిన్లు చనిపోసాగాయి. ఆ జబ్బు ఇటలీకి, గ్రీసుకు ప్రాకి 1992 వరకు సాగింది. వేలకొద్దీ డాల్ఫిన్లు చనిపోయాయి. వాటి ఊపిరితిత్తులు, మెదడు దెబ్బతిని ఉన్నాయి. వాటిలోనూ అటువంటి వైరస్సే కనబడింది.

అప్పుడు కొందరు శాస్త్రజ్ఞులకు అమెరికాలో దాచి ఉంచిన ముక్కలు జ్ఞాపకం వచ్చాయి. వాటిని బయటికి తీసి కొత్త పద్ధతిలో పరీక్షించారు. పరీక్షించిన డాల్ఫిన్లలో సగానికి పైగా ఈ వైరస్ ఉన్నట్లు తేలింది. 1994లో ఈ ఫలితం ప్రకటించారు. డాల్ఫిన్లను చంపినది ముఖ్యంగా ఈ వైరస్సేనని ఈనాడు శాస్త్రజ్ఞులు ఒప్పుకొంటున్నారు.

మొదటి బృందం అసమర్థులని మనం అనుకోరాదు. 1987లో డాల్ఫిన్లకు ఇటువంటి వైరస్ ఉంటుందని ఎవరికీ తెలియదు. ఉన్నదని తెలియని వస్తువును ఎవరు వెదుకుతారు? అయినా సాక్ష్యాన్ని పారవేయక దాచి ఉంచారు. తప్పును దిద్దుకొనే అవకాశాన్ని వారే ముందుతరానికి ఇచ్చారు.

3. ఒకే కుటుంబం

ఈ వైరస్‌ల జాతికి మార్బిలి వైరస్‌లు అని పేరు. 'మార్బిలి' అనేది లాటిన్ మాట. 'చిన్నజబ్బు' అని దాని అర్థం. పేరు చిన్నదే కాని పని చిన్నది కాదు. మనుషుల తట్టు, పశువుల మందలను తుడిచిపెట్టిన రిండర్‌పెస్ట్, గొర్రెలకు మేకలకు వచ్చే పారుడు రోగం, కుక్కల డిస్టెంపర్, సీల్ జంతువుల డిస్టెంపర్, డాల్ఫిన్ల జబ్బు - ఇవన్నీ ఈ జాతి వైరస్‌ల వలన వచ్చేవే.

వీటి నడవడి కూడా ఒకే తీరుగా ఉంటుంది. ఇవి శరీరాన్ని కాపాడే రక్షక కణాలనే మొదట పట్టుకొంటాయి. ఇంటి కావలివానిని కట్టివేసిన తరువాత దొంగలందరికీ తలుపు తెరిచినట్లే గదా! డాల్ఫిన్ కొన్నిసార్లు వైరస్ వలన నేరుగా చావదు. ఆ వైరస్ బలహీనపరచిన ఒంటిలోకి బూజు వంటివి చేరి చంపుతాయి. తట్టు తగ్గిన పిల్లలలో బహు కొద్దిమందికి ఏళ్ళ తరువాత మెదడు జబ్బు వస్తుంది. డాల్ఫిన్లలో కూడా అటువంటి మెదడు జబ్బును కనుగొన్నారు.

ఈ వైరస్ ఎట్లా వ్యాపిస్తుంది? డాల్ఫిన్ చేప కాదు, మనవలెనే పాలిచ్చే జంతువు. అది ఊపిరి కోసం నీటిపైకి రావాలి. గుంపులోని డాల్ఫిన్లు పక్కపక్కన పైకి లేచి ఒకేసారి ఊపిరి విడుస్తాయి. ఆ తుంపరలతో వైరస్ ఒకదానినుండి మరొకదానికి పోతుంది. కలిసి బ్రతకడమే వాటికి బలం. జబ్బు వచ్చినపుడు ఆ కలయికే ముప్పు తెస్తుంది.

4. నకలు ప్రతులు చెప్పే చరిత్ర

ఒక వైరస్ మరొకదానికి చుట్టమని ఎట్లా చెప్పగలరు? దీనికి మన భాషలోనే ఒక మంచి పోలిక ఉంది.

అచ్చుయంత్రం లేని కాలంలో గ్రంథాలను తాటాకుల మీద నకలు వ్రాసేవారు. వ్రాసేటప్పుడు అక్కడక్కడ తప్పులు దొర్లేవి. ఆ ప్రతిని చూచి వ్రాసిన మరొక ప్రతిలో ఆ పాత తప్పులు అట్లే ఉండేవి, కొత్త తప్పులు కొన్ని చేరేవి. వీటినే పాఠాంతరాలంటాం. సి.పి. బ్రౌన్ దొర ఒకే గ్రంథానికి అనేక ప్రతులు సేకరించి, పండితులచేత వాటిని పోల్చి చూపించిన సంగతి మీరు వినే ఉంటారు. రెండు ప్రతులలో ఒకే తప్పు ఒకేచోట ఉంటే, ఆ రెండూ ఒకే తల్లిప్రతినుండి వచ్చాయని పండితులు ఊహిస్తారు.

వైరస్ కూడా ఒక గ్రంథం వంటిదే. మార్బిలి వైరస్ గ్రంథం సుమారు 15,700 అక్షరాల పొడవు ఉంటుంది. అది ఆర్.ఎన్.ఏ. అనే పదార్థంతో వ్రాసి ఉంటుంది. వైరస్ కణంలో చేరి తన గ్రంథాన్ని వేలకొద్దీ నకళ్ళు తీయిస్తుంది. ఆ లేఖకుడు తొందరపాటు మనిషి. వ్రాసినదానిని మళ్ళీ చూచుకోడు. అందువలన తప్పులు విరివిగా పడతాయి. చాలా తప్పులు వైరస్‌కే చేటు. కొన్ని మాత్రం దానికి మేలు చేస్తాయి. అటువంటి నకలు మిగిలిన వాటికన్న ఎక్కువగా వృద్ధి చెందుతుంది. ఇట్లా క్రమక్రమంగా వచ్చే మార్పునే పరిణామం అంటారు.

ఈ అక్షరాలను పోల్చి చూచి శాస్త్రజ్ఞులు మార్బిలి వైరస్‌ల వంశవృక్షాన్ని గీశారు. అందులో కుక్కల వైరస్, సీల్ వైరస్ ఒక కొమ్మ మీద ఉన్నాయి. డాల్ఫిన్ వైరస్ ఆ కొమ్మ మీద లేదు. అది ఆవుల, మేకల, మనుషుల వైరస్‌లు ఉన్న వైపున ఉంది. నీటిలో ఉండే సీల్ కన్న, నేలమీది ఆవు వైపుకే డాల్ఫిన్ వైరస్ మొగ్గిందన్న మాట.

ఇక్కడ డాల్ఫిన్ పుట్టుకను కూడా తెలుసుకోవాలి. సుమారు 5 కోట్ల సంవత్సరాల క్రిందట, గిట్టలున్న నేలజంతువుల నుండి తిమింగలాలు, డాల్ఫిన్లు పుట్టాయి. ఈనాడు బ్రతికి ఉన్న జంతువులలో వీటికి దగ్గరి చుట్టం నీటిగుర్రం. ఆవు, మేక కూడా ఆ పెద్ద కుటుంబంలోనివే. దీనికి గొప్ప సాక్ష్యం మన దేశంలోనే దొరికింది. ఎ. రంగారావు అనే భారతీయ భూగర్భ శాస్త్రజ్ఞుడు జమ్మూ కాశ్మీర్ ప్రాంతంలో శిలాజాలు గల రాళ్ళను సేకరించి దాచారు. ఆయన మరణించిన చాలాకాలానికి వాటిని శుభ్రపరచి చూడగా, ఇండోహ్యూస్ అనే చిన్న గిట్టలజంతువు చెవి ఎముక తిమింగలాల చెవి ఎముకవలె ఉన్నట్లు కనబడింది. ఈ సంగతి 2007లో ప్రకటించారు. ఇక్కడా దాచి ఉంచినదే సాక్ష్యం చెప్పింది.

కాని ఒక హెచ్చరిక. ఆవుకు డాల్ఫిన్ చుట్టమైనంత మాత్రాన, ఆ వైరస్ 5 కోట్ల ఏళ్ళుగా వాటిని వెన్నంటి వస్తున్నదని అనుకోరాదు. వైరస్ ఒక జాతినుండి మరొక జాతికి దూకగలదు. దగ్గరి చుట్టాల కణాలు ఒకే తీరుగా ఉంటాయి గనుక అక్కడికి దూకడం దానికి సులభం. మనుషుల తట్టు కూడా అట్లా పశువులనుండి వచ్చినదే. 1912లో బెర్లిన్‌లో తట్టుతో చనిపోయిన ఒక రెండేళ్ళ పాప ఊపిరితిత్తిని అక్కడి ప్రదర్శనశాలలో దాచి ఉంచారు. దానిలోని వైరస్ గ్రంథాన్ని చదివిన శాస్త్రజ్ఞులు, తట్టు వైరస్ పశువుల వైరస్ నుండి క్రీస్తుపూర్వం 6వ శతాబ్దినాటికే విడిపోయి ఉండవచ్చునని 2020లో తెలిపారు. పెద్ద నగరాలు వెలసిన కాలం అది. తట్టు నిలవాలంటే ఒకేచోట లక్షలమంది జనం ఉండాలి మరి.

5. ఒక వైరస్ కాదు, ఎన్నో

డాల్ఫిన్ల మార్బిలి వైరస్‌లోనే అనేక రకాలు ఉన్నాయి. పార్పాయిస్‌లలో ఒకటి, డాల్ఫిన్లలో ఒకటి, పైలట్ తిమింగలాలలో ఒకటి మొదట దొరికాయి. తరువాత బ్రెజిల్ తీరపు గయానా డాల్ఫిన్‌లో, ఆస్ట్రేలియా పడమటి తీరపు డాల్ఫిన్‌లలో, 2018లో హవాయి దీవులలో ఒడ్డుకు చేరిన ఒక ఫ్రేజర్ డాల్ఫిన్‌లో వేరువేరు రకాలు కనబడ్డాయి.

ఇతర కుటుంబాల వైరస్‌లు కూడా డాల్ఫిన్లలో ఉన్నాయి. మశూచి వైరస్‌కు దూరపు చుట్టమైన ఒకటి వాటి చర్మం మీద గుండ్రని మచ్చలు వేస్తుంది. అవి పచ్చబొట్లవలె ఉండడం చేత దానిని పచ్చబొట్టు వ్యాధి అంటారు. ఇది సాధారణంగా ప్రాణం తీయదు. డి.ఎన్.ఏ.తో వ్రాసిన ఇటువంటి గ్రంథాల లేఖకుడు నిదానస్తుడు. వాటిలో మార్పు నెమ్మదిగా వస్తుంది.

పులిపిరులు కలిగించే పాపిలోమా వైరస్‌లు మరొక కుటుంబం. వీటిలో ఒక వింత ఉన్నది. గ్రంథంలో మొదటి ఆశ్వాసం ఒక ప్రతినుండి, రెండవ ఆశ్వాసం మరొక ప్రతినుండి నకలు వ్రాస్తే ఎట్లా ఉంటుంది? డాల్ఫిన్ల పాపిలోమా వైరస్‌లలో అట్లా రెండు ప్రతుల కలయిక జరిగినట్లు సూచనలు 2008లో కనబడ్డాయి. అక్షరం అక్షరంగా మారడమే కాక, ఇట్లా కలగలిసి కూడా కొత్త వైరస్ పుట్టవచ్చు.

పక్షుల వైపునుండి వచ్చినవి కూడా ఉన్నాయి. 2014లో హాంకాంగ్‌లో డాల్ఫిన్లలో ఒక కరోనా వైరస్‌ను గుర్తించారు. ఆ వర్గంలోని కరోనా వైరస్‌లు ఎక్కువగా పక్షులలో ఉండేవి. 2022లో ఫ్లారిడాలో ఒక డాల్ఫిన్ మెదడులో పక్షుల ఇన్‌ఫ్లుయెంజా వైరస్ దొరికింది. అదే సంవత్సరం స్వీడన్‌లో ఒక పార్పాయిస్‌లో కూడా కనబడింది. నేల, నీరు, ఆకాశం అని మనం గీసిన గీతలు వైరస్‌లకు లేవు.

6. మళ్ళీ మళ్ళీ వచ్చే గండం

1987లో వచ్చిన జబ్బు నుండి బ్రతికిన డాల్ఫిన్లకు దానిని తట్టుకొనే శక్తి వచ్చింది. కాని అవి ముసలివై చనిపోగా కొత్తతరం పుట్టింది. ఈ తరం ఆ వైరస్‌ను ఎరుగదు. పాతికేళ్ళు గడిచిన తరువాత, 2013లో అదే తీరాన జబ్బు మళ్ళీ చెలరేగింది. 2015 వరకు 1,600కు పైగా డాల్ఫిన్లు ఒడ్డుకు కొట్టుకొచ్చాయి. 2017 చివరనుండి 2018 వరకు బ్రెజిల్‌లోని రియో డి జనీరో దగ్గరి అఖాతాలలో 200కు పైగా గయానా డాల్ఫిన్లు చనిపోయాయి.

వేలకొద్దీ ఉన్న జాతి ఇటువంటి దెబ్బకు తట్టుకొని మళ్ళీ పెరగవచ్చు. కొద్దిగా ఉన్నచోట ఏమవుతుంది? ఒడిశాలోని చిలికా సరస్సులో ఇరావతీ డాల్ఫిన్లు సుమారు 150 మాత్రమే ఉన్నాయి. గంజాం, పూరీ ప్రాంతాల పిల్లలు వాటిని చూచి ఉంటారు. అంత చిన్న గుంపులో ఒక్కొక్క ప్రాణమూ విలువైనదే.

మనమేమి చేయగలం? రిండర్‌పెస్ట్‌ను మానవుడు టీకాలతో భూమిమీద లేకుండా చేశాడు. 2011లో ఆ సంగతి ప్రకటించారు. పిల్లల తట్టును రెండు మోతాదుల టీకాతో నివారించవచ్చు. కాని సముద్రంలో తిరిగే డాల్ఫిన్లన్నిటికీ టీకా వేయడం సాధ్యం కాదు. ఒకే కుటుంబంలోని మూడు జబ్బులలో ఒకటి అంతరించింది, ఒకటి మన చేతిలో ఉంది, ఒకటి మన చేతికి అందదు.

అయితే అందేది ఒకటి ఉంది. విద్యుత్ ట్రాన్స్‌ఫార్మర్ల నూనెలలో పూర్వం పి.సి.బి. అనే రసాయనాలు వాడేవారు. తరువాత అనేక దేశాలు వాటిని నిషేధించాయి. కాని అవి త్వరగా నశించవు. సముద్రంలో చేరి, చేపల ద్వారా డాల్ఫిన్ల కొవ్వులో పేరుకొని, రోగనిరోధక శక్తిని తగ్గిస్తాయి. 1990లో మధ్యధరా సముద్రంలో చనిపోయిన చారల డాల్ఫిన్లలో ఇవి అసాధారణంగా ఎక్కువగా ఉన్నాయి. తల్లి డాల్ఫిన్ తన ఒంటిలోని ఈ విషాన్ని పాలద్వారా బిడ్డకు ఇస్తుంది. తొలిచూలు బిడ్డకు ఎక్కువ భాగం చేరుతుంది. తల్లిపాలే విషమైతే ఆ బిడ్డను ఎవరు కాపాడతారు?

వైరస్ ప్రకృతిలోనిది. దానిని మనం పుట్టించలేదు. కాని దానికి తలుపు తీసి ఉంచినది మాత్రం మనమే. ఆ తలుపు మూయడం మన వంతు.

పదాలు - అర్థాలు

కళేబరం = చనిపోయిన శరీరం
శైవలం = నాచు
దాయాది = ఒకే వంశంలోని పాలివాడు
పాఠాంతరం = ఒకే గ్రంథపు వేరొక ప్రతిలోని భిన్నమైన పాఠం
లేఖకుడు = నకలు వ్రాసేవాడు
పరిణామం = క్రమంగా కలిగే మార్పు
శిలాజం = రాయిగా మారిన పూర్వజీవి అవశేషం
ఆశ్వాసం = కావ్యంలోని ఒక భాగం
అఖాతం = భూభాగంలోకి చొచ్చుకొని వచ్చిన సముద్రభాగం
తొలిచూలు = మొదటి కాన్పు

అభ్యాసం

I. క్రింది ప్రశ్నలకు రెండు మూడు వాక్యాలలో జవాబులు వ్రాయండి.
1. 1987లో డాల్ఫిన్ల మరణాలకు మొదట ఏ కారణం చెప్పారు?
2. డాల్ఫిన్లలో వైరస్ ఎట్లా వ్యాపిస్తుంది?
3. మార్బిలి వైరస్‌ల వలన వచ్చే నాలుగు జబ్బులు పేర్కొనండి.
4. 2013లో జబ్బు మళ్ళీ ఎందుకు చెలరేగింది?

II. క్రింది ప్రశ్నలకు పది వాక్యాలలో జవాబులు వ్రాయండి.
1. వైరస్‌ను తాటాకు గ్రంథంతో రచయిత ఎట్లా పోల్చాడు? ఆ పోలిక ఎంతవరకు సరిపోయిందో మీ మాటలలో వివరించండి.
2. 'దాచి ఉంచినదే సాక్ష్యం చెప్పింది.' ఈ వాక్యాన్ని సమర్థించే మూడు సంఘటనలను పాఠంనుండి తీసి వ్రాయండి.

III. సందర్భం తెలిపి వివరించండి.
1. ఉన్నదని తెలియని వస్తువును ఎవరు వెదుకుతారు?
2. తల్లిపాలే విషమైతే ఆ బిడ్డను ఎవరు కాపాడతారు?

IV. వ్యాకరణం
1. విడదీసి సంధి పేరు వ్రాయండి: పాఠాంతరం, శిలాజాలు గల రాళ్ళలో నుండి తీసిన 'ఒకటొకటి', మాంసాహారం, మహోపకారం.
2. విగ్రహవాక్యం వ్రాసి సమాసం పేరు తెలపండి: సముద్రతీరం, తల్లిపాలు, చెవి ఎముక.

V. చేయవలసిన పని
తట్టు, పారుడు మొదలైన జబ్బులను మీ ఊరి తెలుగువారు ఏయే పేర్లతో పిలుస్తారో ఇంటి పెద్దలను, పశువులు కాచేవారిని అడిగి తెలుసుకొని పట్టిక వ్రాయండి. మీ రాష్ట్రభాషలో ఆ జబ్బుల పేర్లను పక్కన చేర్చండి. ఈ పట్టికను తరగతిలో భద్రపరచండి. ముందు వచ్చే తరగతివారికి అది ఉపయోగపడుతుంది.